ఎడమ చెక్క, కుడి చెక్క

పక్షవాతం ఒచ్చి పోయినంక నా కుడికాలు మళ్ల నాకు దక్కింది గాని, ఒక షరతు మీద దక్కింది. నడుస్తుంటే ఎవరన్న పలకరిస్తే ఆగిపోతది. నేను జవాబు చెప్పేదాక కదలదు.

చైతన్యపురి నుంచి వేదవతి అనే పిల్ల ఇంటికొచ్చి కసరత్తు చేయిస్తుండె. భీమవరం వాళ్లు. నన్ను తాతగారూ అనేది. పొద్దున్నే వరండాల నిలబెట్టి మూడు మాటలు చెప్పేది. ఆ కొసకు పోయి, తిరిగొచ్చి, మూడూ అప్పజెప్పాలె. కాలు చూసుకుంట నడిస్తే మాటలు పోయేవి. మాటలు పట్టుకుంటే కాలు ఈడ్చుకపోయేది.

ఎందుకట్ల అని అడిగిన. మెదడుల ఒక పెద్దమనిషి ఉంటడట. ధ్యాస ఎటు పెట్టాల్నో ఆయనే చెప్తడట. ఇదివరకు నడక సంగతి ఆయన దాక పోయేదే కాదు, కాళ్లు వాటంతట అవే నడిచేవి. ఇప్పుడు ప్రతి అడుగూ ఆయనే ఎయ్యాలె. ఇంక మాటలు దాచిపెట్టే తీరిక ఆయనకు ఏడిది.

నాకు బాగనే సమజయింది. పోచంపల్లిల నలబై ఏండ్లు మగ్గం మీద కూసున్న. పోగుల మీది రంగు రంగుతోని కలవాలంటే నోరు మూసుకోవాలె. నా భార్య అండాలమ్మ ఏమడిగినా ఊ అనేటోణ్ణి. ఏ ఊకు ఏం అర్థమో ఆమెకే ఎరుక.

గా ఏడు సకల జనుల సమ్మె. బస్సులు బంద్. మా ఊరి పద్మశాలీలు ఎల్బీనగర్ చౌరస్తాల, రోడ్డు మీదనే మగ్గం పెట్టి నేస్తరని కబురొచ్చింది. ఆ మగ్గం మీద ఒక్కపారి కూసోవాలని నాకు ప్రాణం గుంజింది. దిల్‌సుఖ్‌నగర్ల మా కిరాయి ఇంటి నుంచి మూడు కిలోమీటర్లు. నడిచే పోవాలె.

అండాలమ్మ ఒప్పుకోలే. "ఎవడన్న సిద్ధిరాములన్నా అని పిలిస్తే లారీ ముంగల నిలబడ్తవు. ఆ పిల్ల సరే అంటేనే గడప దాటేది" అన్నది.

ఆ పొద్దు వేదవతి ఇచ్చిన మాటలు గొడుగు, నిమ్మకాయ, తాళంచెవి. పోయి ఒచ్చిన. గొడుగు దొరికింది. తక్కినయి ఏమని అడిగితే ఊ అన్న.

"ఊ లెక్కలోకి రాదండీ తాతగారూ" అన్నది ఆ పిల్ల.

అండాలమ్మ నా చెప్పులు తీసి లోపల పెట్టింది. నేను కుర్చీల కూలబడ్డ.

అప్పుడే గల్లీ ముంగట జులూసు పోతున్నది. ఒకరు జై అంటే అందరు తెలంగాణ అంటున్నరు. జై, తెలంగాణ. జై, తెలంగాణ. జర సేపటికి అండాలమ్మ నా కాళ్ల దిక్కు చూసింది.

"ఏం నేస్తున్నవయ్యా?"

నేనూ చూసుకున్న. జై అంటే ఎడమ పాదం దిగుతున్నది, తెలంగాణ అంటే కుడి పాదం. మగ్గం కింద చెక్కలు తొక్కినట్టే. నేను తొక్కమని చెప్పలే.

ఇంకొక్కపారి నడవనియ్యి బిడ్డా అని వేదవతిని అడిగిన. ఆ పిల్ల మాటలు మార్చింది. దువ్వెన, మామిడికాయ, గంట. ఈసారి కాలును చూడలే. ఎడమ చెక్క, కుడి చెక్క తొక్కుకుంట పోయిన. పెద్దమనిషికి నా కాళ్లతోని పనే లేకుంటయింది. తిరిగొచ్చి మూడూ చెప్పిన.

వేదవతి లోపలికి పోయి చెప్పులు తెచ్చి నా ముంగట పెట్టింది. "జై మీదే గానీ నడక మాత్రం భీమవరానిది. మీ వాళ్లకి చెప్పండి" అన్నది.

అండాలమ్మ తోడు రాంగ నడిచిపోయి చౌరస్తాల మగ్గం మీద కూసున్న. పోగు కండె పెట్టిన నాడె విసిరిన. అటు పోయింది, ఇటొచ్చింది. జానెడు బట్ట నేసి లేసిన. భీమవరం మాట కూడ చెప్పిన. అందరు నవ్విన్రు.

ఒచ్చేటప్పుడు అండాలమ్మ మాట్లాడుకుంటనే ఉన్నది. ఎవరెవరు ఒచ్చిన్రు, ఎవరు చిక్కిపోయిన్రు, రోడ్డు మీద వండిన పులిహోరల ఉప్పెందుకు ఎక్కువయింది. నేను జవాబు చెప్పుకుంటనే ఉన్న. ఊ కాదు, నిండు మాటలు. కొత్తపేట దాటినంక ఆమె నా మొఖం దిక్కు చూసింది.

"ఇంత మాట్లాడితివి. ఒక్కపారి గూడ ఆగలే గదయ్యా."

గంతే. కాలు ఆగిపోయింది.

"నువ్వే గుర్తుచేస్తివి" అన్న.

రోడ్డు పక్కన ఇద్దరం నిలబడి నవ్వుకున్నం. నవ్వు అయిపోయినంక ఆమె నా చెవు కాడికొచ్చి మెల్లగ జై అన్నది. ఎడమ కాలు లేసింది.