కేదారి కుడికాలు

మా ఆయన్ని వదిలేశారన్న కబురు కోర్టు వరండాలో అందుతుంది. నేనింకా పెళ్లిచీరలోనే ఉన్నాను.

"శుభవార్తమ్మా," అంటారు లాయరు గారు. "మనిషి మీద కేసు కొట్టేశారు. శిక్ష కుడికాలికే. కోర్టు లేచేదాకా అది లోపల కూర్చోవాలి."

తీర్పు న్యాయంగానే ఉంది. నిన్న ఊరేగింపులో, నడిరోడ్డు మీద ఈ అల్లరేంటని ఎస్సై అడ్డుపడితే మేళం ఆగింది. మా ఆయన ఆగాడు. కుడికాలు ఆగలేదు, చిందేస్తూనే ఉంది.

మా ఆయన. ఈ మాట నాకింకా కొత్త. ఊరికే ఇంకోసారి అనుకుంటాను.

కేదారి గోడ పట్టుకుని ఒంటికాలి మీద గెంతుతూ బయటికొస్తాడు. "తేలిగ్గా ఉంది," అంటాడు.

"బాగానే ఉంది సంబడం. ఇంట్లో ఏ కాలు పెడతావు?"

అక్కడ ఇంటి గడప మీద బియ్యం చెంబు పెట్టి వదిన కాచుకుని ఉంది. ఇద్దరం కుడికాళ్లు కలిపి లోపలికి అడుగుపెట్టాలి. లేకపోతే పెళ్లిపందిరికీ ఇంటికీ మధ్య రోడ్డు మీదే నా కాపురం.

కోర్టు లోపల, చివరి బెంచీ మీద కాలు బుద్ధిగా కూర్చుని ఉంది. పారాణి చెదరలేదు. పక్కన కూర్చుంటాను.

నిన్న మేళం దగ్గర జప్తు చేసిన డోలు బీరువాలో దానంతటదే మోగుతుంది. బొటనవేలు కదులుతుంది.

"కదిలింది," అంటాడు బంట్రోతు అప్పన్న ఆవలిస్తూ. "శిక్ష మళ్లీ మొదట్నించి."

ఎండ తూర్పు కిటికీలోకి వెనక్కి నడుస్తుంది. మెజిస్ట్రేటు మేడమ్ తాగేసిన టీ గ్లాసులో మళ్లీ నిండుతుంది. పొగలు కూడా వస్తాయి. ఎంత బాగుందో.

వదిన ఫోన్ చేస్తుంది. "ఏమ్మాయ్, ఎక్కడిదాకా వచ్చారు? చెంబులో బియ్యం మొలకలెత్తాయి."

డోలు మోగుతుంది. వేలు కదులుతుంది. ఎండ వెనక్కి నడుస్తుంది. నా జడలో మల్లెలు వాడి, మళ్లీ మొగ్గలై, అలిసిపోయాయి. నేనూ అలిసిపోయాను.

"ఏమ్మాయ్, వరి పొట్టకొచ్చింది. నేను పక్కకి జరగనా, ఉండనా?"

"ఉండండి వదినా."

కాలిని ఒళ్లోకి తీసుకుని జోకొడతాను. కాసేపటికి బరువెక్కుతుంది. నిద్రపోయింది. డోలు మోగినా వేలు కదలదు. ఎండ పడమటి కిటికీ దాకా వచ్చి దిగిపోతుంది. అందరూ లేచి నిలబడతారు. మేడమ్ మాత్రం లేవరు.

"మీరు లేస్తే మేం ఇంటికెళ్తాం మేడమ్," అంటాడు కేదారి.

"దేంతో లేవమంటావు నాయనా?" ఆవిడ కుచ్చిళ్లు కాస్త ఎత్తి చూపిస్తారు. కింద కాళ్లు లేవు. "నా ఊరేగింపులో నావీ ఆగలేదు. అప్పట్నించి ఈ కోర్టు లేవలేదు. ఏ శిక్షా పూర్తవలేదు."

అప్పన్న బీరువా తెరుస్తాడు. అరల నిండా కాళ్లు. ఏ పారాణీ ఆరలేదు. వంతులేసుకుని డోలు వాయిస్తున్నాయి.

మేడమ్ వాటిలో తన పాదాల కోసం వెతుకుతారు. "రేపు ఇక్కడే ఊరేగింపు," అంటారు చివరికి. "గడప తీసుకురమ్మని మీ వదినకి చెప్పమ్మా."

ఫోన్లో చెబుతాను. "గడప కదిలిస్తే ఇల్లు ఊరుకుంటుందా? వెంటపడుతుంది," అంటుంది వదిన.

"రానివ్వండి."

కాళ్లు ఒక్కొక్కటీ బీరువా దిగి జతలు వెతుక్కుంటున్నాయి. ముసలి పాదాలు రెండు మేడమ్ కుర్చీ కిందికి వెళ్లి, పిల్లుల్లా ముడుచుకుంటాయి. నా ఒళ్లో కాలు నిద్రలోనే జారి నా కుడిపాదం పక్కన ఆనుకుంటుంది. రేపు పొద్దున్నే వదిన వరి కోస్తుంది. ఇల్లు రాగానే అందరం ఒకేసారి అడుగుపెడతాం.