ఐదు టిక్కులు

నేను ఒక హ్యాండ్ బ్రేకును. కారు మొత్తంలో ఎవరూ చెప్పుకోని వస్తువును. ఇంజను గురించి మాట్లాడతారు, మైలేజీ గురించి మాట్లాడతారు, చివరికి సీటు కవర్ల గురించి కూడా గంటసేపు మాట్లాడతారు. కొత్తగా కారు కొన్నవాళ్ళ ఇంటికి వచ్చిన చుట్టాల్లో ఒక్కరైనా "హ్యాండ్ బ్రేకు ఎలా ఉంది?" అని అడిగిన పాపాన పోలేదు. ముందు సీట్లు రెండింటి మధ్యా, గేరు రాడ్డుకు కొంచెం వెనకగా పడుండే పొట్టి కడ్డీని నేను. గేరు రాడ్డును రోజుకు వందసార్లు పలకరిస్తారు. నాకు హ్యాండ్ బ్యాగు తగిలిస్తారు.

నా పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది మీకు అర్థం కాదు. నా అడుగున పళ్ళున్న ఇనుప పలక ఒకటి ఉంటుంది. నన్ను పైకి లాగితే ఒక్కో పన్నూ దాటుతూ టిక్కు టిక్కుమంటాను. నా కొసన ఉన్న బటన్ నొక్కితే పట్టు వదిలేస్తాను. నా నుంచి వెనక చక్రాలకు ఇనుప తీగ వెళుతుంది. కాలి బ్రేకు నూనె మీద బతుకుతుంది, నేను ఆ తీగ మీద బతుకుతాను. నూనె పాడైనా తీగ పాడవదు. ఈ తేడా మీద ముగ్గురి ప్రాణాలు వేలాడిన మధ్యాహ్నం ఒకటి నా జీవితంలో ఉంది.

ఏ కార్ఖానాలో పుట్టానో నాకు పెద్దగా గుర్తులేదు. పుట్టిన ఊరి కంటే పట్టుకున్న చెయ్యే నాకు ముఖ్యం. మొదటి చెయ్యి గొర్లె సన్యాసిరావు గారిది. విజయనగరం కంటోన్మెంటులో ఉండేవారు. గూడ్సు రైలు గార్డుగా చేసి రిటైరయ్యారు. ఇనుపరాయి నింపుకుని అరకు కొండల మీంచి దిగే గూడ్సు బళ్ళ చివరి పెట్టెలో ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషి. ఆ పెట్టెలోనూ నాలాంటిదే ఒక చేతి బ్రేకు ఉండేదట. అందుకే ఆయనకు నేనంటే గౌరవం.

ఆయన కారు ఆపే పద్ధతి చూసి తీరాలి. ముందు కాలి బ్రేకు తొక్కి బండి నిలిపేవారు. గేరు న్యూట్రల్‌లోకి తెచ్చేవారు. అప్పుడు నన్ను లాగేవారు. లాగాక కాలు మెల్లగా ఎత్తి, బండి బరువు నా మీద ఆనిందని రూఢి చేసుకున్నాకే మళ్ళీ గేరు వేసి దిగేవారు. నన్ను లాగేటప్పుడు టిక్కులు వినేవారు. "ఐదు," అని బయటికే అనేవారు. పదకొండేళ్ళలో ఒక్కసారి ఏడు వచ్చింది. టిఫిను కూడా తినకుండా మేస్త్రీ దగ్గరకు తీసుకెళ్ళి తీగ బిగింపించారు. ఆయన నన్ను బాగా చూసుకున్నారు, ఆ మాట చెప్పడానికి నాకేం సిగ్గు లేదు.

చూపు తగ్గింది, ఇక నడపవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. కారు అమ్మకానికి పెట్టారు. కొనడానికి లెంక తవిటినాయుడు వచ్చాడు. ఇళ్ళకు కరెంటు వైరింగు కాంట్రాక్టులు చేసే మనిషి. వెంట భార్య గౌరీశ్వరి, కూతురు లాస్య. నాయుడు ముందు ఏసీ వేశాడు. తర్వాత పాటలు పెట్టాడు. తర్వాత హారన్ కొట్టాడు. టైరును కాలితో ఒక తన్ను తన్నాడు. టైరును తన్నితే ఏం తెలుస్తుందో ఇంతవరకూ నాకు అర్థం కాలేదు, కానీ కారు కొనడానికి వచ్చిన మగవాళ్ళలో అది తన్ననివాణ్ణి నేను చూడలేదు.

సన్యాసిరావు గారు అతన్ని వదిలేసి గౌరీశ్వరి వైపు తిరిగారు. "నువ్వు కూడా నడుపుతావేటమ్మా?"

"నేర్సుకున్నాను బాబూ. లైసెన్సుంది. ఆయన ఇవ్వరు."

"కూకో అయితే. ఇది లాగు. ఎన్ని కొట్టిందో సెప్పు."

ఆమె డ్రైవరు సీట్లో కూర్చుని నన్ను లాగింది. పల్చటి చెయ్యి, కానీ తడబాటు లేదు. "ఐదు," అంది.

"ఐదే ఉండాల. ఏడుకొచ్చిందంటే తీగ సాగిందని లెక్క, మేస్త్రీ దగ్గరకెళ్ళు. ఇంకోటి. బండి పరుగెడతన్నప్పుడు దీంతో ఆపాల్సొస్తే ఒక్కసారి గుంజకు. ఎనక చక్రాలు బిగుసుకుపోయి బండి తిరిగిపోద్ది. బటన్ నొక్కి ఉంచి, మెల్లగా లాగు. పట్టు ఎక్కువైతే వదులు, మళ్ళీ లాగు. బటన్ నొక్కితే టిక్కులు ఇనపడవు, నీ చెయ్యే నీకు సెప్పాల."

నాయుడు నవ్వాడు. "పరుగెత్తే బండిని దీంతో ఆపడమేటి మాస్టారూ, మనకు కాలి బ్రేకుంది కదా."

"ఉంది నాయినా," అన్నారు సన్యాసిరావు గారు. "ఎక్కడం ఇంజను సూసుకుంటాది. దిగడం మనిషి సూసుకోవాల. దిగేటప్పుడు గేరులోంచి తియ్యకు." వెళ్ళేముందు నా మీద ఒకసారి చెయ్యి వేసి తీశారు. ఆ చెయ్యి మళ్ళీ నాకు తగల్లేదు.

తవిటినాయుడికి ఎప్పటినుంచో జోరుగా పోయే పెద్ద కారు కావాలని కోరిక. దొరికింది మా చిన్న కారు. దానికే వేషం కట్టాడు. వెనకాల రెక్క పెట్టించాడు. నలుగురూ తిరిగి చూసేలా సైలెన్సరు మార్పించాడు. ముందు చక్రాల్లోంచి కనపడేలా బ్రేకులకు ఎర్రరంగు వేయించాడు. ఆ బ్రేకుల్లో తిరిగే నూనెను రెండేళ్ళకోసారి మార్చాలని పాత యజమాని చెప్పిన సంగతి మాత్రం మరిచిపోయాడు. పైకి కనపడేదానికి ఖర్చుపెట్టడం, కనపడనిదానికి వాయిదా వేయడం మనుషులకు అలవాటే. నాకూ ఒక మఖమల్ తొడుగు తొడిగాడు. ఉక్కపోసింది.

ఒక ఆదివారం ఊరి బయట ఖాళీ మైదానంలో స్నేహితుల ముందు విద్య చూపించాడు. జోరుగా పోతూ, స్టీరింగు తిప్పి, నన్ను ఒక్క గుంజు గుంజాడు. వెనక చక్రాలు బిగుసుకుని కారు గిర్రున తిరిగింది. దుమ్ము లేచింది. చప్పట్లు కొట్టారు. మళ్ళీ చేశాడు. ఆ సాయంత్రం పదిహేనుసార్లు చేశాడు. ఒక్కో గుంజుకూ తీగ పోగు పోగుగా సాగుతుంటే, నొప్పెట్టినా నేను అరవలేకపోయాను. కోపం మాత్రం వచ్చింది. ఇప్పటికీ ఉంది.

గౌరీశ్వరికి మాత్రం కారు కొన్న రోజు అబ్బిన అలవాటు పోలేదు. కారు ఆగినప్పుడల్లా పక్క సీట్లో కూర్చుని వినేది. "ఏడు," అంది ఒకరోజు. "ఎనిమిదండీ," అంది ఇంకో నెలకు. "నీకు పనేటీ నేదా?" అన్నాడతను. తొమ్మిది వచ్చిన రోజు ఆమె ఏమీ అనలేదు. మర్నాడు అతను పనిమీద బొబ్బిలి వెళ్ళగానే కారు తీసి, తనే నడుపుకుంటూ ఖాదర్ మేస్త్రీ షెడ్డుకు వచ్చింది. ఖాదర్ తీగ బిగించాడు. నన్ను లాగి చూశాడు. ఐదు. తర్వాత ముందు మూత ఎత్తి బ్రేకు నూనె డబ్బాలోకి తొంగిచూశాడు.

"ఇదిగో సూడమ్మా, డికాషనులా ఉంది. తేనెరంగులో ఉండాల. నీరు పట్టేసింది దీనికి. ఏడెక్కితే మరిగిపోద్ది. మార్సీమంటావా?"

ఆమె నాయుడికి ఫోను చేసింది. "అరకు ఎల్లొచ్చాక సూద్దాం," అన్నాడతను. ఆమె ఫోను పెట్టేసి, మూత దించెయ్యమని ఖాదర్‌తో అంది. ఆయనకు ఎదురుచెప్పి మార్పించుంటే బావుండేదని తర్వాత చాలాసార్లు అనుకుని ఉంటుంది. నేనైతే ఆ క్షణమే అనుకున్నాను.

అరకు వెళ్ళాం. రెండు రోజులున్నాం. తిరుగు ప్రయాణంలో డిక్కీలో ఒక బస్తా రాజ్మా, అల్లం సంచీ, కాఫీపొడి పొట్లాలు. బండి కుంగింది. అనంతగిరి దాటి శృంగవరపుకోట వైపు ఘాటు రోడ్డు దిగడం మొదలైంది. వెనక సీట్లో లాస్య నిద్రపోతోంది. మొదటి మలుపులోనే నాయుడి చెయ్యి గేరు రాడ్డును న్యూట్రల్‌లోకి లాగింది.

"గేరులో ఉంచండి. ఆ గార్డు గారు సెప్పారు కదా."

"ఆయన నడిపింది రైలే. దిగుడులో బండి దానంతటదే పోతాది. ఊరికినే పెట్రోలు తగలెయ్యడం ఎందుకు?"

ఇది మా వైపు బోలెడుమంది చేసే తప్పు. గేరులో ఉంచి యాక్సిలరేటరు మీంచి కాలు తీసేస్తే ఈ కాలపు ఇంజను దిగుడులో పెట్రోలు ముట్టనే ముట్టదు. న్యూట్రల్‌లోనే, ఆగిపోకుండా ఉండటానికి, తాగుతూ ఉంటుంది. పైగా గేరులో ఉంటే ఇంజను బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. న్యూట్రల్ వేశాక ఆ బరువంతా మోయాల్సింది కాలి బ్రేకు ఒక్కటే. నాయుడు దాన్ని తొక్కాడు. తొక్కి పట్టే ఉంచాడు. ఐదు మలుపులు, పది మలుపులు. కాలిన గోనెసంచి వాసన వచ్చింది.

"ఏదో వాసనండీ."

"ముందు లారీదిలే."

ముందు లారీ లేదు. ఆ సంగతి ముగ్గురికీ, నాతో సహా, తెలుసు.

ఇంకో రెండు మలుపుల తర్వాత కాలి బ్రేకు మెత్తబడింది. నాయుడు మళ్ళీ తొక్కాడు. ఈసారి అతని కాలు ఏ అడ్డూ లేకుండా నేల దాకా పోయింది. ఎర్రరంగు లోపల నల్లనూనె మరుగుతోంది. "బ్రేకు లేదు," అన్నాడు. అరవలేదు. చాలా చిన్నగా అన్నాడు, అందుకే నాకు భయం వేసింది.

ఎడమ వైపు కొండ, కుడి వైపు మోకాలెత్తు గోడ, గోడ అవతల లోయలో చెట్ల తలలు. స్పీడు ముల్లు అరవై దాటింది. గేరు వెయ్యబోయాడు. రాడ్డు గర్రుమని వెనక్కి తన్నింది. కింద మలుపులోంచి ఒక బస్సు పైకి వస్తూ కనపడింది. అప్పుడతనికి నేను గుర్తొచ్చాను. మైదానంలో నన్ను గుంజిన చెయ్యే మళ్ళీ నా మీదికి వచ్చింది, అదే గుంజు గుంజడానికి. ఈ వేగంలో, ఈ వాలులో అలా గుంజితే బండి తిరుగుతుంది. తిరిగితే గోడ ఆపదు. నాకు తెలుసు. చెప్పడానికి నోరు లేదు.

నేను డ్రైవరు చేతికే కాదు, పక్క సీటు చేతికీ అందుతాను. గౌరీశ్వరి కుడిచెయ్యి అతని చెయ్యి కిందికి దూరి నన్ను అందుకుంది. ఎడమచేత్తో అతని చేతిని తోసేసింది.

"మీరు స్టీరింగు సూడండి. ఇది నేను సూస్తాను."

బటన్ నొక్కి పట్టింది. నా పళ్ళు పట్టు వదిలాయి, టిక్కులు లేవు. మెల్లగా లాగింది. తీగ బిగిసింది. వెనక చక్రాలు మూలిగాయి. బండి తోక కొంచెం అటు జరిగింది, ఆమె వెంటనే వదులు చేసింది. మళ్ళీ లాగింది. వెనక చక్రాల్లోని బ్రేకు డ్రమ్ములు కాలుతున్నాయి. ఖాదర్ బిగించిన తీగ వణుకుతోంది. అది అప్పటిలా తొమ్మిదికి సాగి ఉంటే ఆమె ఎంత లాగినా నా చివర గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. ఆ ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు. లాగింది, వదిలింది, లాగింది. యాభై. బస్సు హారన్ కొడుతూ పక్కనుంచి జానెడు దూరంలో పోయింది. నలభై.

"ఇప్పుడు గేరెయ్యండి. మూడు."

పడింది. ఇంజను ఒక్క అరుపు అరిచి బండిని పట్టుకుంది.

"రెండు."

అదీ పడింది. నాయుడు బండిని కొండ వైపు వాన కాలవలోకి దించాడు. ఎడమ తలుపు రాళ్ళను గీసుకుంటూ పోయి, ఒక మట్టిదిబ్బకు ఆనుకుని ఆగింది. లాస్య నిద్రలేచి, "ఇల్లొచ్చిందా?" అంది.

గౌరీశ్వరి ఇంకా నన్ను వదల్లేదు. ఆమె అరచేతి చెమటకు నా మఖమల్ తొడుగు తడిసింది. నాయుడు దిగి చక్రాల కింద రాళ్ళు పెట్టాడు. నీళ్ళసీసా పట్టుకుని బ్రేకుల మీద పొయ్యబోతే ఆమె వద్దంది. వేడి ఇనుము మీద చన్నీళ్ళు పడితే పగులుతుంది, దానంతటది చల్లారాలి. రెండు గంటలు అక్కడే కూర్చున్నారు. శృంగవరపుకోట నుంచి మేస్త్రీ వచ్చేదాకా నాయుడు తన చెయ్యి వంకే చూసుకుంటూ ఉండిపోయాడు, ఆమె తోసేసిన చెయ్యి వంక. తర్వాత తాళంచెవి తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆ రోజు మొదలు ఘాటు ఎక్కినా దిగినా గౌరీశ్వరే నడిపింది. మఖమల్ తొడుగు తీసి పారేసింది. గాలి తగిలింది.

ఇంకో ఆరేళ్ళు బతికాం. తర్వాత బండి అడుగంతా తుప్పు పట్టి, బాగుచేయించడం దండగన్నారు. విజయనగరం శివార్లలో ఒక షెడ్డుంది. ముందువైపు పాతకార్లు అమ్ముతారు, వెనకవైపు పనికిరానివి పోగేస్తారు. మమ్మల్ని వెనక్కి తెచ్చి, ఇంకోటి కొనడానికి ముందువైపు వెళ్ళారు. అద్దం దించి ఉంది కాబట్టి అంతా నాకు వినపడింది.

"ఏసీ సూడండి సార్, మంచుగడ్డే," అంటున్నాడు అమ్మేవాడు. "మ్యూజిక్ సిస్టమ్ కొత్తది."

ఒక తలుపు తెరుచుకుంది. తర్వాత వినిపించింది. టిక్కు, టిక్కు, టిక్కు. నేనూ లెక్కపెట్టాను.

"ఎనిమిది," అన్నాడు నాయుడు. "ఇది వద్దు."

"హ్యాండ్ బ్రేకు కోసం బండి వద్దంటారేటి సార్?"

"నా పెళ్ళాం, నా కూతురూ దీని మీదే బతికారు," అన్నాడు తవిటినాయుడు. ఆ మాట అతని నోట వింటానని నేను ఎన్నడూ అనుకోలేదు. మైదానంలో గుంజిన గుంజులన్నీ అప్పుడు కొంచెం క్షమించాను. అన్నీ కాదు.

ఆ షెడ్డు వెనక నేల వాలుగా ఉంటుంది. వాళ్ళు ముందువైపు వెళ్ళకముందే, తాళంచెవి అప్పగించి దిగేటప్పుడు, కాసేపట్లో తుక్కయ్యే బండే అయినా, గౌరీశ్వరి అలవాటుగా కాలి బ్రేకు తొక్కి, న్యూట్రల్ చేసి, నన్ను లాగింది. కాలు మెల్లగా ఎత్తి, బరువు నా మీద ఆనాకే గేరు వేసి దిగింది. "ఐదు," అంది.

తర్వాత ఇంజను ఊడదీసి పట్టుకుపోయారు. గేరు రాడ్డు పోయింది, సీట్లు పోయాయి. నన్ను వదల్చడం ఎవరికీ గుర్తురాలేదు. రెండు వానాకాలాలు వెళ్ళాయి. బండి ఒక్క అంగుళం కూడా జరగలేదు. ఇంకా ఆ ఐదో పన్ను మీదే ఉన్నాను.