మేడమీద రెండు దుర్భిణులు

పెరట్లో విడిగా ఉన్న వంటింటి కిటికీలోంచి పెద్ద మేడ పిట్టగోడ కనపడుతుంది. ఆ గోడ మీద కొడుకు తల, తలకు ముందు రెండు నల్లటి గొట్టాలు చూడగానే జమీలాబీ చేతిలో గరిటె ఆగిపోయింది. పొయ్యి ఆర్పి, పైట నెత్తి మీదికి లాక్కుని, మెట్లన్నీ ఒక్క ఊపిరిలో ఎక్కింది.

"దిగు నాయనా, ముందు దిగు. పక్కింట్లో ఆడోళ్లుండారు. నువ్వు దుర్భిణి పెట్టి చూస్తాండావని ఎవరన్నా చెప్తే, పోలీసోళ్లు వచ్చి ఈడ్చకపోతారు."

"నేను పక్కింటి దిక్కు చూడ్డం లేదుమా. ఆ ఇసకలో మేకల దొడ్డి దిక్కు చూస్తాండా. అర్బాబే చూడమన్న్యాడు."

షాహుల్ ఆమె ఒక్కగానొక్క కొడుకు. ఇరవై నాలుగేళ్లు. రాయచోటి నుంచి వచ్చి పద్నాలుగు నెలలైంది. అరబ్బు దేశంలోని బనియాస్‌లో ఈ ఇంటికి ఆమె వంటమనిషి, వాడు డ్రైవరు. భర్త జిలానీ బాషా జెబెల్ అలీ రేవులో పనిచేస్తూ రెండు శుక్రవారాలకొకసారి వచ్చి పోతాడు. తల్లీకొడుకులిద్దరికీ కఫీల్, అంటే వీసా ఇచ్చి తెచ్చుకున్న యజమాని, ఒక్కడే, వాళ్లు అర్బాబ్ అని పిలిచే అబూ సుహైల్. ఏటా చలికాలం ఆయన డేగల్ని తీసుకుని మొరాకో ఎడారికి వేటకు పోతాడు. ఈసారి ముందు బండి షాహుల్ తోలాలని, డేగలు వేటాడే పిట్ట ఎక్కడుందో దుర్భిణిలో కనిపెట్టే పని కూడా వాడిదేనని ఆయన తేల్చాడు. కుర్రవాడి కళ్లు కదా అన్నాడు.

వేటకు ఆరు దుర్భిణులు కావాలి. అంగడివాడు రెండు రకాలు ఇచ్చి, రెండు రోజులు చూసి ఏది కావాలో చెప్పమన్నాడట. ఒకటి జపానుది, మధ్యరకం. ఇంకొకటి జర్మనీది, దానికి అయిదు రెట్ల వెల.

"రెండూ పదైదింతలు దగ్గర జేసి చూపిస్తాయి" అన్నాడు షాహుల్. "చేత్తో పట్టుకుంటే మన వణుకు గూడా పదైదింతలయితాది. అందుకే ఈ మూడుకాళ్ల స్టాండు. నీ చేతికిచ్చినామనుకో, ఎడారంతా భూకంపమే."

"నవ్వులాటలొద్దులే. గోడకు ఆనుకోవద్దు. పడతావు."

ఆమె భయపడని సంగతి ఈ దేశంలో లేదు. రోడ్డుకు ఒంటె అడ్డం వస్తుందని భయం, ఏసీ పేలుతుందని భయం, చేపముల్లు గొంతుకు అడ్డం పడుతుందని భయం. ఆ ఇంట్లో ఆమె భయాలు పిల్లలకు కూడా వేడుకే.

కొడుకు బలవంతం మీద ఒక కన్ను మూసి, తర్వాత రెండూ తెరిచి చూసింది. జపానుదాంట్లో నీళ్లట్యాంకు అంచు చుట్టూ సన్నగా ఊదారంగు గీత, చుట్టూ పక్కలంతా తడిగుడ్డలా అలుక్కుపోయి ఉంది. జర్మనీదాంట్లో గీత లేదు. మేక నెమరు వేసేది కూడా కనపడింది.

"చూసినావా, అంచుల్లోనే తేడా" అన్నాడు షాహుల్. "ఎండలో అయిదు రెట్లు పెట్టేంత తేడా లేదు. అంగడాయన ఏమన్న్యాడంటే, అసలు సంగతి పొద్దుగూకేటప్పుడే తెలుస్తాదంట. చౌకది మసకబారతాదంట, ఖరీదుది ఇంకొంచేపు చూపిస్తాదంట. ఆ పిట్ట గూడా ఆ యాళప్పుడు, తెల్లారుజామున తిరుగుతాదంట మరి."

ఆమె దిగిపోయి వంట ముగించి, పొద్దుగూకాక మగ్రిబ్ నమాజు చేసుకుని టీ పట్టుకుని మళ్లీ మెట్లెక్కింది. ఆకాశం ఒక పక్క ఇంకా ఎర్రగానే ఉంది.

"ఏదీ బాగాలేదుమా" అన్నాడు వాడు గొట్టాల నుంచి ముఖం తీయకుండా. "రెండూ ఒకటే. దేంట్లోనూ ఏమీ కనపడ్డం లే. చీకటి పడినాక ఏదైనా అంతే. చౌకదే తీసుకోమని చెప్తా."

"ఇంకా వెలుతురుంది గదా, చూడనీ."

జపానుదాంట్లో దొడ్డి బూడిదరంగుగా, మేకలు ముద్దలుగా ఉన్నాయి. జర్మనీదానికి కళ్లు ఆనించగానే అన్నీ విడివిడిగా కనపడ్డాయి. మేకలు ఆరు. గుంజకు తాడు. తాడుకు మెలిక. ఆ మెలిక దగ్గర ఎర్రగుడ్డ పీలిక. కనపడినవన్నీ కనపడినట్టే పైకి చెప్పింది.

"ఇంత బాగా కనపడుతుంటే ఒకటే అంటావేందిరా?"

వాడు టీ గ్లాసు కోసం చెయ్యి చాపాడు. గ్లాసు ఆమె చేతిలోనే ఉంది, వాడి చెయ్యి దానికి జానెడు ఇవతల గాలిలో వెతికింది.

ఆమె తమ్ముడు నూర్ మొహమ్మద్ కూడా ఇట్లాగే వెతికేవాడు. మొదట రేచీకటి అన్నారు. కాలేయం తినిపించారు, మునగాకు తినిపించారు. ముప్పై ఏళ్లకు పట్టపగలు కూడా గోడ పట్టుకుని నడిచాడు. కడపలో డాక్టరు, మీ వంశంలో ఉంది, మేనరికాలు వద్దని చెప్పేనాటికి జమీలాబీకి మేనత్త కొడుకుతో పెళ్లయి షాహుల్ కడుపులో ఉన్నాడు. ఒంటెలకూ చేపముళ్లకూ భయపడుతూ ఆమె మరిచిపోయింది ఈ ఒక్కదాన్నే.

"ఎన్నాళ్ల నుంచి?"

"ఏంది?"

"నా కాడ దాచొద్దురా. ఎన్నాళ్ల నుంచి?"

"ఊర్నుంచి రాకముందు నుంచే. లైసెన్సు పరీక్ష పగలు జేసినారు, పాసైతిని."

"మరి బండెట్లా తోల్తాండావు?"

"ఈడ రోడ్డంతా లైట్లే గదా. లైట్లు లేని చోట ముందు బండి ఎర్రలైటు పట్టుకోని పోతా."

"మొరాకోలో ముందు బండి నీదే గదరా."

వాడు గోడ వైపు తిరిగి, "అర్బాబుకు చెప్పినావంటే ఖలాస్" అన్నాడు. "విజా రద్దు జేసి టికెట్ చేతిలో పెడతాడు. నాకు స్టీరింగ్ తప్ప ఏం తెల్సుమా? ఈ పదైదు దినాలు పోనీ. ఆ మీదట నేనే ఏదో ఒక సాకు చెప్పి తప్పుకుంటా."

పదిహేను రోజులు. ఇసుక దిబ్బలు, లైటు స్తంభం లేని చోటు, తెల్లారకముందు ముందు బండి. వెనక సీట్లో అబూ సుహైల్ కొడుకులిద్దరు, ఒకడికి పన్నెండు, ఇంకొకడికి తొమ్మిది. చిన్నవాడికి ఆమే రోజూ గుడ్డు పెంకు తీసి ఇస్తుంది.

కిందికి వచ్చి భర్తకు ఫోను చేసింది. చెప్పిందంతా విని జిలానీ బాషా నవ్వాడు.

"పోయిన నెల నీకు గ్యాస్ సిలిండరు పేలె. అంతకు ముందు నెల నాకు గుండెపోటు వచ్చె. ఏమన్నా అయ్యిందా? వానికి బంగారట్లా పని దొరికినాది, నీ నోటితో దాన్ని పోగొట్టాకు."

"ఇది వేరేప్పా. మా నూర్ మొహమ్మద్ మాదిరే."

"నీకు అందరూ నీ తమ్ముని మాదిరే కనపడతారు. పెట్టేయ్, డ్యూటీ టైమయింది."

మర్నాడు పొద్దు వాలాక, అసర్ నమాజు తర్వాత అబూ సుహైల్ అతిథుల గదైన మజ్లిస్‌లో ఒంటరిగా కూర్చుని ఉన్నప్పుడు, ఖహ్వా కాఫీ పోస్తూ చెప్పేసింది. కప్పు నిండి చేతి మీద పొంగింది. అరబ్బీ కలిసిన హిందీలో వచ్చినంత చెప్పింది. చీకట్లో కనపడదు అర్బాబ్, షాహుల్‌కు కనపడదు, బండి ఇవ్వొద్దు.

ఆయన గడ్డం నిమురుకుంటూ నవ్వాడు. "ఉమ్ షాహుల్" అన్నాడు, షాహుల్ తల్లీ అని ఆయన పిలుపు. "నీకు ఈగ కూడా డేగలాగా కనపడుతుంది. ఎడారి అంటే నీకు భయం, కొడుకుని పంపడం నీకు ఇష్టం లేదు. అంతే కదా?" అని, షాహుల్‌ను కేకేసి పిలిచాడు. "చెప్పు, ఏది కొనమంటావు?"

షాహుల్ చేతులు కట్టుకుని నిలబడి, తడబడకుండా చెప్పాడు. ఎండలో రెంటికీ పెద్ద తేడా లేదు. జపానుదానికి అంచున ఊదారంగు గీత వస్తుంది. అసలు తేడా మగ్రిబ్ తర్వాత. జపానుదాంట్లో మేకలు ముద్దలుగా కనపడతాయి, జర్మనీదాంట్లో తాడు మెలిక కూడా లెక్కపెట్టవచ్చు, ఎర్రగుడ్డ పీలిక కూడా తెలుస్తుంది. వేటకు జర్మనీదే సరి.

అవన్నీ ఆమె కళ్లు. తనెందుకు చూసిందా, చూసి ఎందుకు పైకి చెప్పిందా అని జమీలాబీ తనను తానే తిట్టుకుంది.

"మాషా అల్లా" అన్నాడు అబూ సుహైల్ ఆమె వైపు చూసి. "విన్నావా అమ్మా, నీ గుడ్డి కొడుకు మాటలు? యల్లా, సరే, మగ్రిబ్ నమాజు అయ్యాక నేనూ చూస్తాను."

ఆ సాయంత్రం దుమ్ము గాలి తిరిగింది. మేడమీద స్టాండుకు బిగించి ఉన్న జర్మనీ దుర్భిణికి ఇసుక పడి గీతలు పడతాయేమో, ఆ నింద తమ మీదికి వస్తుందేమోనని జమీలాబీ ముందుగా వెళ్లి గొట్టాల చివర రెండు మూతలూ పెట్టింది. గాలి తగ్గాక నమాజు ముగించుకుని అబూ సుహైల్ పైకి వచ్చాడు, వెనకే షాహుల్. ఆయన జపానుదాన్ని పిట్టగోడ మీద ఆనించి చూసి పెదవి విరిచాడు.

"షాహుల్, నువ్వు జర్మనీదాంట్లో చూడు. ఏముందో చెప్పు, నేను దీంట్లో పోల్చుకుంటాను."

వాడు స్టాండు తడుముకుని వంగి, కళ్లు ఆనించాడు. మూతలు అలాగే ఉన్నాయి.

ఆమె నోరు తెరిచింది. మూతలు తీయరా అన్న మాట నాలుక మీదికి వచ్చింది. రెండే మాటలు, తల్లి అన్నది ఎవరైనా చెప్పే మాటలు. జాకెట్టు పొడుగు చేతి అంచు నోట్లో కుక్కుకుని పళ్లతో కొరికి పట్టింది.

"ఆరు మేకలు, అర్బాబ్" అన్నాడు షాహుల్ నెమ్మదిగా, తూచి తూచి. "గుంజ ఉంది. తాడు కూడా. మెలిక బాగా కనపడుతుంది."

"ఆరా? నాకు నాలుగే..." అంటూ అబూ సుహైల్ తల తిప్పాడు. మాట మధ్యలో ఆగింది. ఆయన చూపు గొట్టాల చివర మీద నిలిచింది. అక్కణ్ణుంచి జమీలాబీ మీదికి వచ్చింది. ఆమె తల దించుకుంది.

ఆయన దగ్గరికి వచ్చి ఒక మూత తీశాడు. టక్కుమంది. రెండోది కూడా. ఆ చప్పుడుకు షాహుల్ ముఖం పైకెత్తి, ఏ వైపు చూడాలో తెలియక అటూ ఇటూ చూశాడు.

"చాబీ" అన్నాడు అబూ సుహైల్, చెయ్యి చాపి. వాడు జేబులోంచి తాళాలు తీసి గాలిలోకి ఇచ్చాడు. ఆయనే అందుకున్నాడు.

"నా కొడుకులిద్దరూ ఆ బండిలో కూర్చునేవాళ్లు" అన్నాడాయన. కేకలేసినా ఆమె అంత భయపడేది కాదు, అంత మెల్లగా అన్నాడు. "రేపు పొద్దున హాస్పిటల్. ఆ తర్వాత చూద్దాం."

ఆ తర్వాత ఏమిటో చెప్పలేదు. ఉంచుతాడో, పంపుతాడో. రెండు దుర్భిణుల్నీ తనే తీసుకుని దిగిపోయాడు. ఆయన చెప్పుల చప్పుడు పూర్తిగా ఆగిందాకా తల్లీ కొడుకులు కదలలేదు.

"మూతలు నువ్వే పెట్టినావా?" అన్నాడు షాహుల్.

"దుమ్ము పడతాదని పెట్టినా."

"తీయడం మరిచినావా?"

అవునంటే సరిపోయేది. చీకట్లో వాడికి ఆమె ముఖం ఎటూ కనపడదు.

"మరవలేదు నాయనా."

వాడు పిట్టగోడ పట్టుకుని మెట్ల దాకా నడిచాడు. ఆమె చెయ్యి పట్టుకోబోతే విదిలించి, గోడకు అరచెయ్యి ఆనించి ఒక్కొక్క మెట్టూ దిగసాగాడు. రెండు చేతులూ ముందుకు చాపి, తగలకుండా, ఎక్కడ జారితే అక్కడ పట్టుకోవాలని ఆమె వెనకే దిగింది. అప్పుడు వినపడింది ఆమెకు. వాడు పెదాల మధ్య మెట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. ఎక్కడా ఆగకుండా, తప్పకుండా, పద్నాలుగు నెలలుగా రోజూ లెక్కపెట్టినవాడిలాగా.