పేరున్న నీరసం

మా తోడికోడలికి జబ్బు చేసినందుకు నేను ఏడవలేదు. ఆ జబ్బుకి పేరు దొరికినందుకు ఏడ్చాను.

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట వెనకటికొకతె. మా ఇంట్లో అత్తా కొట్టలేదు, తోడికోడలూ నవ్వలేదు. నవ్వింది డాక్టరమ్మ. ఇద్దరికీ ఒకటే బాధ. పగలంతా నీరసం, తలలో మబ్బు. ఇద్దరం ఒకే పూట వెళ్ళాం, ఒకరి తరవాత ఒకరం ఒకే కుర్చీలో కూర్చుని రక్తం ఇచ్చాం. ఫలితాలు వచ్చాక డాక్టరమ్మ, "చిన్నావిడకి బి12 బాగా తక్కువ. ఐరన్ కూడా అంతంతమాత్రం. పెద్దావిడకి మాత్రం అన్నీ బంగారంలా ఉన్నాయి" అని నా వైపు చూసి చల్లగా నవ్వింది. ఆ నవ్వుతో నా కొంప ముంచింది.

ఆ రోజు నుంచి అది "పాపం చిన్నది", నేను "నీకేం".

"పాపం చిన్నదానికి పాలు పంపించు." "పాపం చిన్నదాన్ని మధ్యాహ్నం కాసేపు పడుకోనీ." నేను నోరు తెరిచి నాకూ కళ్ళు మూతలు పడుతున్నాయి అత్తయ్యా అంటే, "నీకేం, అన్నీ బంగారంలా ఉన్నాయిగా!" అనేవారు. దానిది జబ్బు, నాది బద్ధకం. ఒకే నీరసానికి ఒకే ఇంట్లో రెండు పేర్లు.

ఇంటి ముందు గదే మా దుకాణం. ఆసుపత్రులకీ హోటళ్ళకీ యూనిఫారాలు కుడతాం. మా ఆయనా మరిదీ ఆర్డర్లు తేవడం, సరుకు చేర్చడం చూస్తారు. అత్తయ్య కొలతలు, లెక్కలు, అందరి మీదా కేకలు. చిన్నది మిషను మీద. నేను కటింగ్ బల్ల దగ్గర. మిషను ఎవరైనా తొక్కుతారు, బట్ట మీద కత్తెర పెట్టేది మాత్రం ఇంటికి ఒక్కరే. పాతికేళ్ళు తను పట్టిన కత్తెరని అత్తయ్య కన్న కూతురికి ఇవ్వలేదు, నాకిచ్చారు. చీర పెట్టారా, నగ పెట్టారా అని ఎవరైనా అడిగితే నేను కత్తెర చూపించేదాన్ని.

ఆ కత్తెరకే ఎసరొచ్చింది. పొద్దున లేచేసరికే రాత్రంతా బస్తాలు మోసినట్టుండేది. భోజనమయ్యాక తలలో దూది కూరినట్టుండేది. టేపు పేరు గుర్తు రాక "అదే, ఆ పొడుగుది, ఇటివ్వు" అనేదాన్ని. ఒకసారి హోటలు వాళ్ళ చొక్కాలకి కాలర్లు ఒక సైజు తక్కువ కోశాను. వంటవాళ్ళు మెడ బిగిసి గుడ్లు మిటకరిస్తున్నారని కబురొచ్చింది. మా ఆయన పడీపడీ నవ్వారు. అత్తయ్య నవ్వలేదు.

"ఇంకొక్కసారి తేడా వచ్చిందంటే కత్తెర చిన్నదాని చేతికిస్తాను పెద్దమ్మాయ్. తరవాత నన్ననుకోవద్దు" అన్నారు.

చిన్నది మిషను ఆపి తల వంచుకుంది. సంతోషాన్ని దాచుకోవడానికే అలా వంచుకుందని అప్పుడు నాకు రూఢిగా తెలుసు.

ఎందుకంటే అప్పటికే అది బాగుపడుతోంది. మాత్రలు మొదలెట్టిన కొన్నాళ్ళకి బుగ్గల్లో రంగొచ్చింది. ఇంకొన్నాళ్ళకి, నాకు నిలబడే కునుకు పట్టే వేళ, అది మిషను తొక్కుతూ కూనిరాగం తీసేది. ఆ రాగం వింటుంటే నా ఒళ్ళు ఆవిరి పెట్టినట్టయ్యేది. నీరసం వదిలిన ఆడమనిషి మొహం ఎంత బాగుంటుందో చెప్పలేను. బాగుందనే నేను చూడలేకపోయాను.

సరే, దానికి మాత్రలుంటే నాకు కాళ్ళు లేవా? మందుల షాపుకి నడిచాను.

"మా తోడికోడలు వేసుకునేవే నాకూ ఇవ్వండి."

షాపాయన మమ్మల్ని ఎరుగున్నవాడే. "మీకు లోటు లేదన్నారుగా అమ్మా? వెలితి కుండలో పోస్తే నిండుతుంది. నిండు కుండలో పోస్తే ఒలికిపోతుంది."

"పొయ్యండి. ఒలికితే నేను తుడుచుకుంటాను."

బి12 ఇచ్చాడు. ఐరన్ మాత్రం ఇవ్వనన్నాడు. రక్తంలో సరిపడా ఉన్నవాళ్ళు ఊరికే మింగితే మంచిది కాదట. దానికిచ్చి నాకివ్వడా! ఇంటికి వస్తూ దారంతా గొణుక్కున్నాను. ఆ కసితోనే మర్నాడు వెళ్ళి డి విటమిను, మెగ్నీషియం, చేప నూనె గుళికలు, దానికి లేనివన్నీ కొనుక్కొచ్చాను. పరుపు పక్కన కిటికీ గట్టు మీద వరసగా పేర్చుకున్నాను. దాని సీసాలు రెండే, నావి గట్టంతా. అందులోనైనా నాదే పైచెయ్యి అనుకున్నాను.

మొదటి వారం నిజంగానే తేలిగ్గా అనిపించింది. కాజా గీతలు వంకర పోకుండా గీశాను. టేపుని టేపు అన్నాను. మా ఆయనతో, "చూశారా, నాక్కూడా లోటుంది. ఆ డాక్టరమ్మకే కనిపించలేదు" అన్నాను.

"లోటు సంగతేమో గానీ, నువ్వు తేన్చినప్పుడల్లా గదంతా చేపల కంపు. నీ గురకకి తోడు ఇదొకటి" అన్నారు ఆయన. ఆయనకి గురక కూడా జోకే. పెళ్ళయినప్పటి నుంచీ మా ఇంట్లో అదో సరదా. పరుపెక్కగానే మొద్దులా పడుకునే మనిషి, నా గురకలో సగం కూడా విని ఉండరు.

రెండో వారానికి దూది మళ్ళీ తలలోకొచ్చి కూర్చుంది. మింగిన గుళికలు మింగినట్టే ఉన్నాయి, కునుకు కునుకులాగే ఉంది. అటు చూస్తే చిన్నది కొత్త పువ్వులా ఉంది. ఒకే షాపు, ఒకే సీసా, ఒకే ఇంటి నీళ్ళు. దాని ఒంట్లో అమృతం, నా ఒంట్లో ఉత్త రంగునీళ్ళా? నాకు దుఃఖం రాలేదు, మండింది.

అలా మండుతూ ఉండగానే ఆసుపత్రి నర్సుల ఆర్డరు వచ్చింది. పెద్ద ఆర్డరు. బట్టకి ఒక వైపే సన్నటి నీలి చార ఉంటుంది. రెండో వైపు వెలిసినట్టుంటుంది. ఇలాంటి బట్టని పరిచేటప్పుడు మొహమూ మొహమూ కలపాలి. అంటే మంచి వైపుకి మంచి వైపు ఆనించి పరుస్తూ పోవాలి. అప్పుడే ఒక్క కోతకి కుడి చెయ్యీ ఎడమ చెయ్యీ జతగా వస్తాయి. మా అత్తయ్య నాకు నేర్పిన మొదటి మాటే అది. నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

కానీ నిద్రలో కోయమంటే ఎలా కోస్తాను? ఆ మధ్యాహ్నం పొర మీద పొరగా బట్ట పరిచాను. అన్నీ మొహం పైకే పెట్టి పరిచానని నాకు తెలియనే తెలియదు. సుద్దతో గీశాను, కోశాను, ముక్కలు దొంతర పెట్టాను. ఒక్క నిమిషం, అని ఆ దొంతర మీదే తల ఆన్చాను.

ఏదో ఉలికిపాటుకి లేచేసరికి ఎదురుగా చిన్నది. చేతిలో ఫోను, నా మొహానికి గురిపెట్టి ఉంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఓహో, ఇదన్నమాట! పెద్దకోడలు పని మానేసి పడుకుందని అత్తయ్యకి చూపించడానికి సాక్ష్యం తీస్తోంది. నంగనాచి! పాలు తాగి, మాత్రలు మింగి, ఒంట్లోకి బలం తెచ్చుకున్నది ఇందుకా!

"అత్తయ్యా! ఇలా రండి! మీ ముద్దుల కోడలు నన్ను సినిమా తీస్తోంది, మీరూ చూద్దురు గాని రండి!"

"అక్కా, అది కాదక్కా..." అంటూ చిన్నది ఫోను వెనక్కి దాచుకోబోయింది. దాస్తే మరీ మండింది. చేతిలోంచి లాక్కున్నాను. అత్తయ్య కళ్ళజోడు సవరించుకుంటూ వచ్చి నా భుజం పక్కన నిలబడ్డారు. నేనే వీడియో నొక్కాను. ఇక దాచడానికేముంది, అందరూ చూడండి!

బట్టల మీద తల వాల్చి నోరు తెరుచుకుని నేను. గురక. అత్తయ్య పెదవి విరిచారు. గురక పెరిగింది, పెరిగింది, చటుక్కున ఆగిపోయింది. ఆగిన గురక మళ్ళీ మొదలవలేదు. వీడియోలో నా ఛాతీ కదలడం లేదు. గొంతు గుంట మాత్రం లోపలికి పీక్కుపోతోంది. ఎంతకీ ఊపిరి రాదు. అప్పుడు ఫోను వెనక నుంచి ఏడుపు గొంతు వినపడింది. "అక్కా... ఊపిరి తీసుకో అక్కా... తీసుకో..." ఎప్పుడూ నన్ను మీరు అనే పిల్ల, మర్యాద మరిచిపోయింది. నా భుజం కుదుపుతున్న దాని చెయ్యి కనిపించింది. నీళ్ళలో మునిగి పైకి తేలినట్టు నేను పెద్దగా ఎగపీల్చి, మళ్ళీ నిద్రలోకి జారాను.

నా చావు నేనే చూసినట్టయింది.

"నిన్న కూడా ఇలాగే అయిందక్కా," అంది చిన్నది. "చెప్తే మీరు నమ్మరు. నా మాటంటేనే మీకు... అందుకని ఇవాళ తీశాను, డాక్టరమ్మకి చూపిద్దామని."

అత్తయ్య నాకు కుర్చీ లాగారు. ఆవిడ నాకు కుర్చీ లాగడం అదే మొదలు.

తరవాతవన్నీ చకచకా జరిగాయి. ఈసారి డాక్టరమ్మ నవ్వలేదు. ఒక రాత్రి ఆసుపత్రిలో తలకీ ఛాతీకీ వైర్లు తగిలించి పడుకోబెట్టారు. నిద్రలో గొంతు మూసుకుపోయి ఊపిరి ఆగుతోందట. ఆగినప్పుడల్లా మెదడు ఉలిక్కిపడి నన్ను లేపుతోందట, లేచినట్టు నాకే తెలియకుండా. స్లీప్ ఆప్నియా అని పేరు చెప్పారు. రాత్రిళ్ళు ముక్కుకి తొడుక్కునే గాలి యంత్రం రాశారు. నేను సంచీలోంచి నా సీసాలన్నీ తీసి బల్ల మీద పెడితే, "వీటిలో ఒక్కదానికీ ఊపిరి ఊదడం రాదమ్మా. లోటున్న చోటే ఇవి పనిచేస్తాయి. మీ లోటు నిద్రలో ఉంది" అంది.

నిజం చెప్పొద్దూ, పేరు వినగానే ముందు గర్వమే కలిగింది. దాని జబ్బుకన్నా పొడుగు పేరు. ఇంటికి రాగానే అత్తయ్య "పాపం పెద్దది" అన్నారు. పాలు పంపించారు. మా ఆయన ఆ వీడియో ఒక్కసారి చూసి, మళ్ళీ గురక మీద జోకు వెయ్యలేదు. ఇన్నాళ్ళూ నేను కుళ్ళి కుళ్ళి కోరుకున్నవన్నీ నడిచి నా మంచం దగ్గరికొచ్చాయి. తాగబుద్ధి కాక పాలు చల్లారిపోయాయి. ఎందుకంటే డాక్టరమ్మ ఇంకో మాట కూడా అంది. యంత్రం అలవాటై మగత పూర్తిగా వదిలేదాకా, కత్తెర పట్టొద్దు.

ముందు గదిలోంచి కత్తెర చప్పుడు వినిపిస్తోంది. కరకర కాదు, కర్... కర్... అని బెదురు బెదురుగా. నా బల్ల మీద, నా కత్తెరతో అది. నా జబ్బునీ అదే కనిపెట్టింది, నా కత్తెరా దానికే దక్కింది. మంచి చేసినందుకు దాని మీద అరవడానిక్కూడా వీల్లేకుండా పోయింది. అంతకన్నా కడుపుమంట ఏముంటుంది? పడుకోలేక లేచి వెళ్ళాను.

చిన్నది నర్సుల బట్టే కోస్తోంది. నేను కోసిన ముక్కలు ఓ పక్కన ఉన్నాయి. అన్నీ ఎడమ చేతులే. వాటి జతకి కుడి చేతులు ఒక్కొక్కటే, ఒక్క పొర మీద కోస్తోంది. దాని కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏం, కత్తెర దొరికిన సంతోషంతో ఏడుస్తున్నావా?" అన్నాను. నా నోరు అంతే.

"సంతోషమా?" అది కత్తెర బల్ల మీద పెట్టింది. ఎన్నడూ లేనిది నా కళ్ళలోకి సూటిగా చూసింది. "నాకు జబ్బన్నప్పుడు అత్తయ్యగారు ఏమన్నారో గుర్తుందా? 'నువ్వు పడుకోమ్మా, ఇక్కడేమీ ఆగిపోదు' అన్నారు. నిజంగానే ఏమీ ఆగలేదక్కా. నెలల తరబడి మధ్యాహ్నాలు నేను మిషను దగ్గర లేకపోయినా ఒక్క కుట్టు ఆగలేదు. గదిలో పడుకుని మీ కత్తెర చప్పుడు వింటూ కుళ్ళిపోయేదాన్ని. మీరు మంచమెక్కి ఒక్క పూటయింది. ఆర్డరు ఆగింది, అత్తయ్యగారికి కాళ్ళాడటం లేదు, బావగారు దుకాణం చుట్టూ తిరుగుతున్నారు. మీరు లేకపోతే ఈ ఇల్లు ఆగిపోతుంది. నేను లేకపోతే నాకు పాలు పంపిస్తారు."

దాని పాల గ్లాసు చూసి ఇన్నాళ్ళూ నేను ఏడిస్తే, అది గోడకవతల నా కత్తెర విని ఏడ్చింది. అసలు నిజం చెప్పాలంటే, ఆ మాటలు వింటున్నంత సేపూ నా లోపల ఎక్కడో హాయిగానే ఉంది. నన్ను చూసి కూడా ఒకరు కుళ్ళుకున్నారు! ఆ హాయి పూర్తిగా అనుభవిద్దామంటే, దాని మొహం చూడలేకపోయాను.

బల్ల దగ్గరికి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. సుద్దముక్క చేతిలోకి తీసుకున్నాను. సుద్ద పట్టొద్దని ఏ డాక్టరూ అనలేదు.

"ఒక్కొక్కటే కోస్తే తెల్లారుతుంది. బట్ట పరువు. గీత నేను గీస్తాను, కోత నువ్వు కొయ్యి."

అది ముక్కు తుడుచుకుని బట్ట థాను అందుకుంది. "ఎలా పరవాలక్కా?"

"నీకూ నాకూ ఇన్నాళ్ళూ ఉన్నట్టు కాదు," అన్నాను. "మొహమూ మొహమూ కలిపి."