చప్పుడు లేని బుల్లెట్

సౌండ్ రికార్డిస్ట్ అపూర్వ హెడ్‌ఫోన్స్ తీసి మెడకు తగిలించుకుని తల అడ్డంగా ఊపింది.

"సారీ లియో గారూ. మీ బుల్లెట్ ఇంకా మలుపులో ఉండగానే హీరోయిన్ డైలాగు మునిగిపోతోంది. దీనికి డబ్బింగ్ లేదు. ఇక్కడ రికార్డయిందే సినిమాలో ఉంటుంది."

"సైలెన్సర్ మార్చేస్తానండీ. కంపెనీది ఇంట్లోనే ఉంది."

"మార్చావంటే చంపేస్తా!" కో-డైరెక్టర్ సుబ్రహ్మణ్యం దూసుకొచ్చాడు. "నిన్న ఆ పొడుగు గొట్టానికే క్లోజప్ తీశామయ్యా. ఇవాళ ఇంకోటి కనబడితే డైరెక్టర్ నా తోలు ఒలుస్తాడు. గొట్టం అదే ఉండాలి, దాని నోరు మాత్రం మూతపడాలి. లంచ్ అయ్యాక షాట్. నీ వల్ల కాదంటే చెప్పు, షాటే మార్చేద్దాం. నువ్వూ వద్దు, ఆ తోపుడు బండీ వద్దు."

లియో చూపు తోపుడు బండి వైపు వెళ్లింది. జామకాయల గుట్ట వెనుక తలపాగా చుట్టుకుని నిలబడిన ముసలాయన ఆదాము, లియో తండ్రి.

ఒకప్పుడు సినిమాల్లో ఫైటర్‌గా గుర్రాల మీద నుంచి, మేడల మీద నుంచి పడ్డ మనిషి. ఒళ్లు సహకరించక ఇప్పుడు గుంపులో నిలబడుతున్నాడు, తోపుడు బండ్లు తోస్తున్నాడు. షూటింగు లేని రోజున కూడా పొద్దున్నే బూట్లు వేసుకుని మంచం అంచున కూర్చుంటాడు, ఎవరో ఒకరు పిలుస్తారని. ఆయన కళ్లను నీటికాసుల జబ్బు తినేసింది. పోయిన చూపు తిరిగి రాదని డాక్టరు తేల్చేశాడు. ఇప్పుడు మిగిలింది వెలుగూ నీడా తేడా మాత్రమే. ఆ సంగతి యూనిట్‌లో ఎవరికీ తెలియదు. తెలిసిన రోజున ఆయన్ని ఏ సెట్టు గేటూ లోపలికి రానివ్వదు.

అందుకే లియో తన పాత బుల్లెట్‌కి ఆ గొట్టం పెట్టించాడు. కుర్రాడి సరదా అనుకున్నారు యూనిట్‌లో. ఫిల్మ్ నగర్ సందుల్లో జనం తిట్టుకున్నారు. అసలు విషయం తండ్రీ కొడుకులకే తెలుసు. ఆ చప్పుడు ఎటు నుంచి వస్తోందో, ఎప్పుడు ముక్కు ముందు నుంచి దాటిపోయిందో చెవులతో పట్టుకుని ఆదాము అడుగు వేస్తాడు. ఇవాళ్టి షాటూ అలాంటిదే. బుల్లెట్ దాటిపోగానే తోపుడు బండి రోడ్డుకు అడ్డం రావాలి. వెంటాడే కారు దాని ముందు కీచుమని ఆగాలి.

చప్పుడే లేకపోతే?

* * *

"ఏంది లియో, గీ గొట్టం నేనే బిగిస్తి గదా! జూబ్లీహిల్స్ దాకా ఇనబడాలంటివి. ఇయ్యాల నోరు ముయ్యమంటున్నవ్. ఇంట్ల గిట్ల లొల్లి అయిందా?" అన్నాడు మెకానిక్ పోచయ్య, స్పానర్ అందుకుంటూ.

"షాట్ కోసం అన్నా."

"సినిమోళ్లకు దిమాఖ్ లేదు. పులిని తెస్తరు, గాండ్రించొద్దంటరు."

గొట్టం ఊడదీసి, లోపల ఉండే చిల్లుల జాలీని బయటికి లాగాడు. దాని చుట్టూ గాజు దూది చుట్టి, తీగతో బిగించి, మళ్లీ లోపలికి తోశాడు.

"అన్నా, ఒక మాట. మైకుకి అందకూడదు, మనిషికి మాత్రం అందాలి. అట్ల కుదురుతదా?"

పోచయ్య నవ్వబోయి, లియో మొహం చూసి మానుకున్నాడు. "కోషిష్ చేద్దాం. గానీ ఒకటి యాదుంచుకో. ఊపిరాడకుంటే ఇంజన్ వేడెక్కుతది. వేడెక్కినంక ఎక్సలేటర్ తిప్పినా జల్ది లేవదు. ఎక్కువ తిప్పలు పెట్టకు."

స్పానర్లు సంచిలో వేసుకుని లొకేషన్‌కి అతనే వెంట వచ్చాడు.

ఆదాము రోడ్డు పక్క గట్టు మీద తల వంచుకుని కూర్చున్నాడు. చప్పుడు వినబడగానే చెయ్యి ఎత్తాలని ఒప్పందం. అపూర్వ మైకు దగ్గర నిలబడింది. పాపం ఆమెకు ఇదేమీ తెలియదు.

లియో మలుపు నుంచి వచ్చాడు. ఆదాము చెయ్యి లేచింది. అపూర్వ తల అడ్డంగా ఊగింది.

పోచయ్య ఇంకాస్త దూది కూరాడు. మళ్లీ అంతే. చెయ్యి ఆలస్యంగా లేచింది, తల మాత్రం అడ్డంగానే ఊగింది. ఇంకాస్త కూరి, గొట్టం చివర చిల్లు పెట్టిన రేకు బిళ్ల కూడా బిగించాడు. ఈసారి అపూర్వ బొటనవేలు ఎత్తి చూపించింది.

ఆదాము చేతులు మోకాళ్ల మీదే ఉన్నాయి. లియో ఎదురుగా వచ్చి ఆగినా కదల్లేదు.

"అన్నా, ఆ బిళ్ల కొంచెం వదులు చెయ్."

వదులు చేస్తే చెయ్యి లేచింది, తల ఊగింది. బిగిస్తే రెండూ ఆగిపోయాయి. మధ్యలో ఎంత వెతికినా చోటు లేదు.

"మీ నాన్నగారేంటి, చెయ్యి ఎత్తుతున్నారు?" అడిగింది అపూర్వ.

"బుల్లెట్ అంటే సరదా అండీ ఆయనకి."

లియో వెళ్లి తండ్రి పక్కన కూర్చున్నాడు. "వద్దు నాన్నా. కడుపునొప్పని చెప్పేద్దాం. ఇంకెవరైనా తోస్తారు."

"ఇవాళ కడుపునొప్పి. రేపేం చెప్తావురా? అన్నీ లైవ్ సౌండ్ అంటున్నారు." ఆదాము గొంతు తగ్గించాడు. "పూర్తిగా బిగించెయ్. నా దగ్గర ఉపాయం ఉంది. చర్చిలో పాడే పాట ఉంది కదా, మీ అమ్మకి ఇష్టమైంది. యాక్షన్ అనగానే మనసులో మొదలెడతా. ఒక చరణం అయ్యేసరికి నువ్వు దాటిపోవాలి. నేను తోసేస్తా."

"నీ పాట సాగిపోతే?"

"మీ అమ్మ పాడితే సాగేది. నాది కొలత ప్రకారం ఉంటుంది."

రిహార్సల్‌లో నిజంగానే కొలత ప్రకారం కుదిరింది. బుల్లెట్ పిల్లిలా దాటిపోయింది, దాని తోక పట్టుకున్నట్టు తోపుడు బండి వచ్చింది. సుబ్రహ్మణ్యం చప్పట్లు కొట్టాడు. "అదీ సీనియర్ అంటే! చూసి నేర్చుకోండర్రా!"

ఆదాము మొహం వెలిగిపోయింది. ఆ వెలుగు చూసి లియో కూడా నమ్మేశాడు.

కానీ కెమెరా కోణం నచ్చక డైరెక్టర్ మరో రిహార్సల్ అడిగాడు. తర్వాత ఎండ మబ్బు చాటుకు వెళ్లిందని ఇంకోటి. గొట్టం వేడికి నీలంగా మారింది. పోచయ్య దూరం నుంచి చేతులు ఊపుతూ ఏదో చెప్పబోయాడు. అప్పటికే సుబ్రహ్మణ్యం "సైలెన్స్!" అని అరిచేశాడు.

"యాక్షన్!"

లియో క్లచ్ వదిలి ఎక్సలేటర్ తిప్పాడు. బుల్లెట్ లేవలేదు. జూబ్లీహిల్స్ ఎత్తు రోడ్డు మీద గసపెడుతూ పాకింది. ఇంకా తిప్పాడు. లోపల మంట, బయట మౌనం. టీ కొట్టు దగ్గర హీరోయిన్ డైలాగు సాగుతోంది. అటు పక్క తండ్రి పెదవులు సన్నగా కదులుతున్నాయి. చరణం చివరికొచ్చేస్తోంది.

'నాన్నా' అని ఒక్క కేక వేస్తే చాలు. కానీ వేస్తే షాట్ పాడవుతుంది. కేక ఎందుకు వేశావంటారు. అందరి కళ్లూ ఆ కళ్ల మీద పడతాయి. కేక గొంతులోనే ఆగిపోయింది.

తోపుడు బండి కదిలింది.

లియో రెండు బ్రేకులూ ఒక్కసారే వేసేశాడు. అతని వెనుక కారు కీచుమంటూ ఆగింది. జామకాయలు ఊగాయి గానీ ఒక్కటీ రాలలేదు. బుల్లెట్ ముందు చక్రం ఆదాము మోకాలికి జానెడు దూరంలో నిలబడిపోయింది. హీరోయిన్ డైలాగు మధ్యలో ఆగిపోయింది.

ఆదాము మాత్రం ఆగలేదు. కారు బ్రేకు వినబడింది కదా, అంతా అనుకున్నట్టే జరిగిందనుకున్నాడు. గడగడమని తోపుడు బండి అవతలి గట్టు దాకా తోసుకెళ్లి, తలపాగా సర్దుకుని, కెమెరా వైపు తిరిగాననుకుని ఒక బంగళా ప్రహరీ గోడ వైపు తిరిగాడు.

"షాట్ ఓకేనా సార్?" అడిగాడు గోడని. "మావాడు భలే దూసుకుపోయాడు కదండీ! గాలి కూడా తగల్లేదు."

డైరెక్టర్ కట్ చెప్పడమే మర్చిపోయాడు.

సుబ్రహ్మణ్యం మెల్లగా నడిచి వెళ్లి, ఆదాము మొహం ముందు చెయ్యి అటూ ఇటూ ఆడించాడు. ఆదాము నవ్వుతూనే ఉన్నాడు. సుబ్రహ్మణ్యం చెయ్యి దించేశాడు.

"తోపుడు బండి తీయించెయ్యండి," అన్నాడు వెనక్కి తిరిగి. "దీన్ని వేరేగా ప్లాన్ చేద్దాం."

ఆదాము నవ్వు అలాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. "లియో ఎక్కడున్నాడండీ? మలుపు దాటేశాడా?"

రోడ్డు మధ్యలో లియో ఎక్సలేటర్ చివరికంటా తిప్పాడు. నేనిక్కడే ఉన్నాను నాన్నా అని చెప్పడానికి ఇన్నాళ్లూ అతనికున్న గొంతు అదొక్కటే. గొట్టం చివర రేకు బిళ్ల వణికింది. కాలిన దూది వాసన వచ్చింది. ఇంకేమీ రాలేదు.