డీ డ్రైవ్‌లో ఉండిపోయిన ఇంటర్వ్యూ

రేడియో స్టేషన్‌లో అతనికి నిశ్శబ్దం అని పేరు పడిపోయింది. మాట తక్కువ మనిషని కాదు. అతని పొరపాటు వల్ల ప్రసారం రెండుసార్లు మూగబోయింది. ఆడియో ఫైలు ఎక్కడుందో ఆ దారంతా, డ్రైవ్ మొదలుకొని ఫోల్డర్ల పేర్ల దాకా, కార్యక్రమాల పట్టీలో చేత్తో టైప్ చేసేవాడు. ఒక్క అక్షరం జారిందా, ఆ పట్టీ చూసి ఫైళ్లు వినిపించే పై అంతస్తు స్టూడియో కంప్యూటర్ గుడ్లప్పగించి చూసేది.

ఉద్యోగం ఇప్పించింది వదిన. ఆ స్టూడియోలో అనౌన్సర్ ఆవిడే. "ఇవాళ కూడా ఆగిందంటే మేనేజర్ నిన్ను పంపించేస్తాడు. పూచీ పడ్డదాన్ని, నా మొహం ఎక్కడ పెట్టుకోను?" అని పొద్దున్నే చెప్పేసింది.

అప్పట్నుంచి అతను కుర్చీలో కుదురుగా కూర్చుంటే ఒట్టు. లేచాడు, కూర్చున్నాడు, ఖాళీ టీ కప్పు రెండోసారి ఎత్తి తాగబోయాడు. ఆ అవస్థ చూడలేక పక్క సీటు ఎడిటరమ్మాయి నవ్వింది.

"ఎందుకన్నా ఆ టైపింగ్ తిప్పలు? షిఫ్ట్ నొక్కిపట్టి ఫైలు మీద కుడి క్లిక్ కొట్టు. కాపీ యాజ్ పాత్ అని కనిపిస్తుంది, నొక్కెయ్. పట్టీలో అతికించు. అటూ ఇటూ కొటేషన్ గుర్తులొస్తాయి, అవి చెరిపెయ్. ఫోల్డరైతే ఇంకా తేలిక, పైన అడ్రస్ ఉన్నచోట క్లిక్ చేసి కాపీ కొట్టుకోవడమే."

ఓరి దేవుడా, ఇంతేనా! ఇన్నాళ్లూ వేళ్లు అరగదీసుకున్నందుకు తనమీద తనకే ఒళ్లు మండింది. ఆ రోజు ప్రసారం కావాల్సిన, పడవ నడిపే పెద్దాయన ఇంటర్వ్యూకి దారి కాపీ కొట్టి అతికించాడు. నొక్కి చూశాడు, చక్కగా మోగింది. వెంటనే పైకి ఫోన్ చేశాడు. "ఈసారి ఒక్క అక్షరం పొల్లుపోదు వదినా!"

గోడమీది స్పీకర్లో వదిన పడవాయన గురించి చెప్పడం మొదలుపెట్టింది. ఊరికే మరోసారి పట్టీవైపు చూశాడు. దారి డీతో మొదలైంది.

డీ అంటే తన కంప్యూటర్‌లోని డిస్కు. చేత్తో కొట్టేటప్పుడు అందరికీ అందే ఉమ్మడి డ్రైవ్ పేరు అలవాటుగా రాసేవాడు, ఫైలు ముందే అక్కడికి చేర్చేవాడు. ఇవాళ ఆ తొందరలో చేర్చడమే మరిచాడు. పై కంప్యూటర్‌కీ డీ ఉంది, అందులో ఈ ఫైలు లేదు.

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని మెట్లమీద పరుగు. వరండా స్పీకర్లో "ఇప్పుడు వినండి" అన్న వదిన గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు. ప్రసారం నడుస్తోందని చెప్పే తలుపుమీది ఎర్రదీపం చూసే తీరిక ఎక్కడిది? తోసుకుని లోపలికి పడ్డాడు.

"వదినా! అది నా కంప్యూటర్‌లోనే ఉండిపోయింది!"

మైకు తెరిచే ఉంది. అతని కేక వరండా అంతా మోగింది.

వదిన కన్నార్పలేదు. పెన్‌డ్రైవ్ లాక్కుని కంప్యూటర్‌కి గుచ్చుతూ మైకులో అంది, "విన్నారుగా, ఇంటర్వ్యూ పరిగెత్తుకుంటూ వచ్చింది. తెచ్చినవాడు మా మరిది." పడవాయన గొంతు మొదలైంది. వదిన మైకు కట్టేసింది.

తలుపు దగ్గర మేనేజర్ నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోపే వదిన అంది, "వీణ్ని పంపితే నన్నూ పంపండి."

మేనేజర్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తలుపు మూసి వెళ్లిపోయాడు. వదిన నీళ్ల గ్లాసు అందుకుంది. ఒక్క గుక్కలో ఖాళీ చేసింది.

"నాకోసం ఆ మాట ఎందుకన్నావు వదినా?"

"నోర్మూసుకుని ముందు ఆ ఫైలు ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టు. తర్వాత అక్కణ్నుంచి దారి కొట్టుకో కాపీ."

అతను అక్కడే కూర్చుని ఫైలు ఉమ్మడి డ్రైవ్‌లోకి చేర్చాడు. కళ్లనిండా నీళ్లు, తెరమీద అక్షరాలు సరిగా కనబడలేదు.