ఐమూల తీగలో ముడి

కామమ్మ కళ్ళు మండిపోతున్నాయి. కొంగుతో ఒత్తుకుందామంటే చేతిలో తీగ జారిపోతుంది. జారిందంటే మళ్ళీ ఆ కొస దొరకబుచ్చుకోవడానికి పావుగంట. తీగ తలవెంట్రుక కన్నా సన్నం. పూసలు ఆవగింజలో సగం కూడా లేవు. ఒక్కో పూసలోంచి నాలుగు తీగలు పోవాలి: అడ్డం ఒకటి, నిలువు ఒకటి, ఐమూలగా రెండు. ముప్ఫై రెండు వరుసలు, వరుసకు ముప్ఫై రెండు పూసలు. పదకొండు రోజులుగా ఇదే పని. ఇవాళ మధ్యాహ్నం మూడు గంటలకు ఢిల్లీ నుంచి పెద్దవాళ్ళు వస్తున్నారట. ఆలోగా ఈ పూసల పలక పూర్తి కావాలి.

నెల్లూరు పొలిమేరలో ఇంజనీరింగు కాలేజీ అది. ఆమెను కూర్చోబెట్టింది వెనక వరండాలో, మరుగుదొడ్లకు ఎదురుగా, చిరిగిన చాప మీద. ముందు వరండా ఖాళీగానే ఉంది, అక్కడ ఫ్యాను కూడా తిరుగుతోంది. కానీ ఆ పక్కనే చల్లగది ఉంది, అందులో సీమ నుంచి ఓడలో వచ్చిన కంప్యూటరు ఉంది. దానికి పసుపూ కుంకుమా పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గుమ్మానికి మామిడాకులు కట్టారు. చెప్పులు విప్పిగానీ లోపలికి పోకూడదు. కామమ్మ చెప్పులు విప్పినా పోకూడదు. ఆ మాట మొదటిరోజే ప్రొఫెసరు చెంచురామయ్య ముక్కుకు జేబురుమాలు అడ్డం పెట్టుకుని తేల్చేశాడు.

"ఈమెను ఇటు రానీయొద్దు. నీచు వాసన లోపలికి పోతే మిషను పాడవుతుంది."

అమెరికాలో రెండేళ్ళు చదివి వచ్చిన మనిషి అన్న మాట అది! మర్నాడే ఆ మనిషికి సముద్రం చేప మీద మనసు పుట్టింది. కామమ్మ చేత కబురు పెట్టించి వంజరం తెప్పించుకున్నాడు. ఇంట్లో పులుసు పెట్టించి, కారియరులో ఆఫీసుకు తెప్పించుకుని, తలుపేసుకుని తిన్నాడు. వేళ్ళు నాకి, త్రేనుస్తూ తిన్నగా చల్లగదిలోకి పోయాడు. మిషనుకు ఏమీ కాలేదు.

కామమ్మది కోట ఊరికి అవతల, సముద్రం ఒడ్డున పట్టపుపాళెం. మొగుడు ఆదెయ్య కట్టుమరం మీద వేటకు పోతాడు, ఆమె వలలల్లుతుంది. కొడుకు పోలేరయ్య ఈ కాలేజీలో మూడో సంవత్సరం. లెక్కల్లో క్లాసుకు రెండోవాడు. పాళెంలో ఎవడూ ఇంతదూరం రాలేదు. వాడు ఇక్కడిదాకా వచ్చి చివరకు ఎక్కడ చిక్కుకున్నాడంటే, వలలోనే.

ఆర్నెల్ల కింద హాస్టలులో వాలీబాలు వల తెగింది. కొత్తది వచ్చేదాకా ఆట లేదని కుర్రాళ్ళు గొణుగుతుంటే పోలేరయ్య కూర్చుని గంటలో బాగుచేశాడు. అదే వాడి కొంప ముంచింది. అటుగా పోతున్న చెంచురామయ్య ఆ వేళ్ళను చూసి ఆగాడు.

"మీరేమిట్లురా?"

"పట్టపోళ్ళం సార్, చేపలు పట్టేవోళ్ళం."

"అదీ సంగతి!" అన్నాడు, పోయిన ఉంగరం దొరికినంత సంతోషంగా.

అప్పుడే కాలేజీలో కంప్యూటరు పాఠం కొత్తగా పెట్టారు. మిషనుకు పని ఎలా చెప్పాలో, ఆ చెప్పేది దాని భాషలో ఎలా రాయాలో నేర్పే పాఠం. ముప్ఫైమందికే చోటు. ఆ పాఠం విన్నవాళ్ళకే పరీక్ష, ఆ పరీక్ష పాసయినవాళ్ళకే రేపు అలాంటి మిషన్ల దగ్గర ఉద్యోగం. పోలేరయ్య పేరు అందులో ఉండాల్సిందే, మార్కులు అలాంటివి. చెంచురామయ్య పిలిచి, "ముందు నాకు రెండు పలకలు అల్లిపెట్టు, తరువాత నీ పేరు ఎక్కిస్తా" అన్నాడు. రెండూ అల్లాడు. "మీ అమ్మ నీకన్నా బాగా అల్లుతుందిటగా, పిలిపించు. ఇక్కడే తయారుచేశామని ఢిల్లీవాళ్ళకు చూపించేది ఒక్కటి అయిపోనీ" అన్నాడు. తల్లిని పిలిపించాడు. అవతల ముప్ఫైమంది అద్దాల గదిలో నోటుపుస్తకాలు పెట్టుకుని పాఠం వింటుంటే వీడు బ్యాటరీలు మోస్తూ, పూసలు గుచ్చుతూ ఆర్నెల్లు వెనకే ఉన్నాడు. తోటివాళ్ళు "జాలరి ఇంజనీరు" అని పేరు కూడా పెట్టారు.

"ఇది మిషనుకు జ్ఞాపకం అమా," అని చెప్పాడు మొదటిరోజు. "చెప్పిన మాటంతా ఈ పూసల్లో దాసిపెట్టుకుంటాది."

"ఇంత చిన్న పూసలోనా? ఏం దాస్తాదిరా?"

"అవును, కాదు. ఒక్కో పూసలో ఒక్క మాటే."

కామమ్మకు నవ్వొచ్చింది. అవును, కాదు అని రెండే మాటలు చాలితే మనిషి బతుకు ఎంత తేలికగా ఉండేదో అనుకుంది.

పదకొండు గంటలప్పుడు అటెండరు నాగుల్ మీరా మంచినీళ్ళు తెచ్చాడు. ఈ పదకొండు రోజులూ ఆమె పడుకుంటున్నది అతని ఇంటి పంచలోనే. అతని భార్య నూర్‌బీ ఇంత అన్నం పెడుతోంది. అతను గ్లాసు కింద పెట్టి కదలకుండా నిలబడ్డాడు.

"ఏంది తమ్ముడా, అట్టా నిలబడ్నావు?"

"పొద్దున బోర్డు మీద లిస్టు అంటించినారక్కా. కంప్యూటరు పరీక్షకు పొయ్యేవోళ్ళది. రెండుసార్లు చదివినా. మనోడి పేరు లేదు."

"సరింగా చూసినావా?"

"ముప్ఫైయో పేరు ఒక కంట్రాక్టరు కొడుకుది. ఆ అబ్బాయి లెక్కల్లో తప్పినాడు. ఇంకేం చెప్పేది నేను?" గొంతు తగ్గించాడు. "ఇట్టాంటి పలక సీమనించి తెప్పిస్తే ఎనిమిదొందలంటక్కా. నీకిచ్చేది దినానికి రూపాయిన్నర."

ఎనిమిదొందలూ రూపాయిన్నరా ఆమె చెవికి ఎక్కలేదు. పేరు లేదన్న మాట దగ్గరే ఆగిపోయింది. అయినా చేతులు ఆపలేదు. పలక పూర్తయితే ఎక్కిస్తానన్నాడు గదా, పెద్ద చదువులు చదివిన మనిషి మాట తప్పుతాడా అని తనకు తానే చెప్పుకుంది. రెండు గంటలకు ఆఖరి పూస దాటించి కొస ముడిచింది.

చెంచురామయ్య వచ్చాడు. వెనకే పోలేరయ్య, చేతిలో కరెంటు చూసే మీటరు. కామమ్మ లేచి నిలబడింది.

"సారూ, పని అయిపొయ్యింది. నా బిడ్డ పేరు లిస్టులో లేదంట గదా?"

"లిస్టు ప్రిన్సిపాలు గారి దగ్గర అయిపోయిందమ్మా. వచ్చే ఏడు చూద్దాం."

"పలక అయితే ఎక్కిస్తానంటిరే?"

"ఇంకా నాలుగు పలకలు కావాలి. అందరూ లోపల కూర్చుని పాఠాలు వింటే పూసలెవరు గుచ్చుతారు?" ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు, సిగ్గూ లేదు. "మీవాడి చేతిలో కళ ఉంది. మీ రక్తంలోనే ఉంది అది. చదువు పెట్టి దాన్ని ఎందుకు చెడగొట్టడం చెప్పు?"

థూ! తిట్టినా బాగుండేది. మెచ్చుకోలు పేరుతో పిల్లవాడి నోటికాడి కూడు లాగేసి, పైగా ఇది నీ మంచికే అన్నట్టు నవ్వడం!  కుళ్ళిన చేపల గంప ముందు కూర్చుని అమ్మిన రోజుల్లో కూడా కామమ్మకు ఇంత రోత పుట్టలేదు. పోలేరయ్య తలెత్తలేదు. 

పలక ఆమె చాప మీదే ఉంది. వాడు వంగి మీటరు తీగలు తగిలించాడు. అడ్డం తీగలకు ముల్లు కదిలింది. నిలువు తీగలకు కదిలింది. ఐమూల తీగల్లో ఒకదానికి కదిలింది. రెండోదానికి ముల్లు చచ్చినట్టు పడి ఉంది.

చెంచురామయ్య మొహం తెల్లబోయింది. "మళ్ళీ చూడు." మళ్ళీ చూశాడు. "ఇంకోసారి." ముల్లు కదల్లేదు. భూతద్దం తెప్పించి, జేబురుమాలు ముక్కుకు అడ్డంపెట్టుకుని, వంగి పావుగంట వెతికాడు. వేయిన్ని ఇరవైనాలుగు పూసలు, అన్నింట్లోంచి పోయే ఒకే ఒక తీగ. ఏమీ కనపడలేదు.

"ఎక్కడో తెగింది! ఏం చేశావే నువ్వు? నీచు చేతులతో పట్టుకుంటే ఇంకేమవుతుంది! మూడింటికి కారు వస్తుంది, వాళ్ళకు నేను ఏం చూపించాలి?"

పోలేరయ్య తల్లి పక్కన చతికిలబడ్డాడు. మెల్లగా అడిగాడు.

"అమా, తీగ యాడన్నా తెగితే ముడేసినావా?"

కామమ్మకు గుర్తొచ్చింది. వేసింది. నాలుగోరోజు ఐమూల తీగ పుటుక్కుమంటే, ఆ మనిషి అరుస్తాడని భయపడి, వల తాడు తెగితే ఏం చేస్తుందో అదే చేసింది. రెండు కొసలూ కలిపి వలముడి వేసి, గోటితో నొక్కి, పూసల మధ్యకు జరిపేసింది. పాళెంలో ఆమె ముడి వేసిందంటే ఎక్కడ వేసిందో వల యజమానికి కూడా కనపడదు. మంచి పనిమంతురాలన్న పేరు ఆమెకు ఊరికే రాలేదు.

"ముడేస్తే ఏమవుద్దిరా? గట్టిగానే ఉండాదే!"

"తీగ మీద సన్నంగా వార్నీషు ఉంటాదమా. ముడేస్తే కరెంటు దాటదు. ఆ ఒక్క చోట గీకి మయినం పెట్టినట్టు సీసంతో అతకాల. వేరే చోట గీకినామంటే పక్కతీగకు తగిలి మొత్తం పోతాది."

"ఈ ముక్క నాకు ముందే ఎవరూ చెప్పలేదే!"

"చెప్పలేదు," అన్నాడు పోలేరయ్య. "నాకూ ఎవరూ చెప్పలేదు. కిటికీ కాడ నిలబడి విన్నా."

చెంచురామయ్యకు ప్రాణం లేచొచ్చింది. "ముడి వేసిందా? ఎక్కడ వేసింది? అడుగు! లేకపోతే నువ్వే తడిమి చూడరా, నీ వేలికి తెలుస్తుంది. అతకడానికి పది నిమిషాలు పట్టదు."

పోలేరయ్య లేచి నిలబడి రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నా వేలికి తెలవదు సార్. అయ్యన్నీ లోపల పాఠంలో చెప్తారంట గదా. నన్ను రానీలేదే!"

నాగుల్ మీరా స్తంభం చాటునుంచి తొంగిచూశాడు.  ఈ మూడేళ్ళలో ఆ పిల్లవాడు 'సార్' అన్న మాట తరువాత ఇంకో వాక్యం మాట్లాడటం చెంచురామయ్య వినలేదు.

కామమ్మ చాప మీద కూర్చుని పలకను ఒళ్ళోకి తీసుకుంది. కళ్ళతో చూడాల్సిన అవసరం లేకపోయింది. బొటనవేలు వరుసల మీద జరుపుకుంటూ పోయింది. పంతొమ్మిదో వరుస. ఎడమనుంచి ఆరో పూస అవతల. నూగుగింజలో పావు వంతు ఎత్తు తగిలింది. వేలు అక్కడ ఆగింది.

"దొరికిందా? ఎక్కడ? చూపించు!"

"చూపిస్తా సారూ," అంది.  "ముందర ఆ కాయితం మీద నా బిడ్డ పేరు రాయండి. లోపలికి తీసకపొయ్యి ఆ పిలకాయల పక్కన బెంచీ మీద కూసోబెట్టండి. నా కంటితో చూడాల. అప్పుడు చూపిస్తా."

"ఏమిటీ! నాకే షరతులు పెడతావా? రేపే నీ కొడుకు చేతిలో టి.సి. పెట్టి గెంటిస్తా. సముద్రంలో చేపలు పట్టుకుంటాడు!"

కామమ్మ కొడుకు వైపు చూసింది. వాడి చదువు, మూడేళ్ళు, అంతా ఈ ఒక్క వేలి కింద ఉంది. వేలు తీస్తే రేపు కూడా వాడు ఈ చాప మీదే. తియ్యకపోతే ఏమవుతుందో ఆమెకు తెలియదు.

"ఏం నాయనా?" అంది.

"నీ ఇష్టం అమా," అని వాడు వచ్చి ఆమె పక్కనే చాప మీద కూర్చున్నాడు.

అప్పుడే గేటు దగ్గర కారు హారను వినిపించింది. ఢిల్లీవాళ్ళు అరగంట ముందే వచ్చేశారు. చెంచురామయ్య ఒక్క అడుగు ముందుకు వేసి పలక లాక్కోవడానికి చెయ్యి చాపాడు. పలక ఆమె ఒళ్ళో, చీర కుచ్చెళ్ళలో ఉంది. తీసుకోవాలంటే ఆమెను తాకాలి. ఆయన చెయ్యి ఆమె మోకాలికి జానెడు దూరంలో ఆగిపోయింది. అక్కడినుంచి ముందుకు రాలేదు, వెనక్కీ పోలేదు.

"తీసుకోండి సారూ," అంది కామమ్మ.

ముందు వరండాలో బూట్ల చప్పుడు, ఎవరో ప్రొఫెసరు గారిని పేరుపెట్టి పిలుస్తున్నారు. ఆయన చాపిన చెయ్యి అలాగే ఉంది. కామమ్మ బొటనవేలు ముడి మీదే ఉంది.